క్లచ్ లేని నార్టన్: నెల్లూరు ఆటోనగర్ నకలు బండి ఎట్లా ఉంది

నెల్లూరు ఆటోనగర్‌లో లారీ క్రాంకులు గ్రైండింగ్ చేసే షెడ్ల వరసలో ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. బయట బోర్డు లేదు. లోపల రెండు లేతులు, ఒక మిల్లింగ్ మిషను, ఒక నిలువు బోరింగ్ మిషను ఉన్నాయి. గోడకు టేకు చెక్క నమూనాలు వేలాడుతుంటాయి. ఇక్కడ తయారయ్యేది ఒకే మోడలు: ఒకటో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో బ్రూక్లాండ్స్ ట్రాకు మీద పరుగెత్తిన నార్టన్ 490 సీసీ సైడ్‌వాల్వ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే) రేసు బండికి నకలు. హాల్లో పెట్టుకుని చూసుకునే బొమ్మ కాదిది. పెట్రోలు పోసి, తోసి, ఎక్కి, వంద కిలోమీటర్ల వేగం దాటించగల బండి. ధర ఆరున్నర లక్షలు, గడువు పద్నాలుగు నెలలు.

ముందు అసలు బండి సంగతి. బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ లాన్స్‌డౌన్ నార్టన్ 1911లో 79 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 100 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సింగిల్ సిలిండర్ ఇంజన్ తెచ్చాడు. ఆ కొలతే ఆ కంపెనీకి అర్ధ శతాబ్దం కూడు పెట్టింది. దాని రేసు రూపం బ్రూక్లాండ్స్ స్పెషల్, క్లుప్తంగా బీఎస్. 1907లో తెరిచిన బ్రూక్లాండ్స్ కాంక్రీటు ట్రాకు మీద డాన్ ఓడోనవన్ సిద్ధం చేసి నడిపిన బండ్లివి. గంటకు 75 మైళ్ళు, అంటే 120 కిలోమీటర్లు అందుకుంటుందని సర్టిఫికెట్టు ఇచ్చి మరీ అమ్మేవారు. రోడ్డు మీద కూడా వాడుకునే బీఆర్ఎస్ రకానికి 70 మైళ్ళ హామీ. గేర్లు లేవు, క్లచ్ లేదు, కిక్ రాడ్డు లేదు. ఇంజన్ పుల్లీ నుంచి వెనక చక్రానికి ఒక వీ బెల్టు, అంతే.

నకలు పేరుతో మన దగ్గర అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం బుల్లెట్ ఇంజన్‌కు పాత ఆకారంలో ఫ్రేమూ చదును ట్యాంకూ తొడిగినవే. దూరం నుంచి బాగుంటాయి. స్టార్టు చేస్తే బుల్లెట్టే. ఈ వర్క్‌షాపు దారి వేరు. పైకి కనిపించేదీ, నడపడంలో చేతికీ చెవికీ తెలిసేదీ పాతదిగానే ఉంచుతుంది. ప్రాణానికి ముప్పు తెచ్చేదీ, లోపల ఎక్కడో దాగి ఉండేదీ మాత్రమే మారుస్తుంది. ఈ గీత ఎక్కడ గీశారో చూస్తే బండి విలువ తెలిసిపోతుంది. ఎక్కువ చోట్ల సరిగ్గానే గీశారు.

సిలిండర్‌తో మొదలుపెట్టాలి, ఎందుకంటే డబ్బులో పెద్ద వాటా దానికే పోతుంది. ఆ కాలపు సైడ్‌వాల్వ్ సిలిండర్‌కు హెడ్డు విడిగా ఊడదు. బారెలూ హెడ్డూ ఒకే పోత. వాల్వుల మీద మరతో బిగించే మూతలు మాత్రం ఉంటాయి. అంటే బోరు ఒక పక్క మూసుకుపోయిన గొట్టం. మామూలు రీబోరింగ్ షాపులో బార్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తోసేస్తారు, ఇక్కడ అట్లా కుదరదు. బోరును నునుపు చేసే హోనింగ్ రాళ్ళు కూడా అడుగు దాకా పోతే గుద్దుకుంటాయి, ముందే ఆపితే అక్కడ బోరు సన్నగా మిగిలిపోతుంది. వీళ్ళు పిస్టన్ పై రింగు చేరే చోటుకు కొంచెం పైన 5 మి.మీ. వెడల్పున ఒక గాడి తవ్వి, రాయి ఆ గాడిలోకి దిగేట్టు ఏర్పాటు చేశారు. చిన్న పనే, కానీ అది లేకపోతే వెయ్యి కిలోమీటర్లకే పై రింగు విరుగుతుంది.

పోత పని చెన్నై అంబత్తూరులో చేయించి తెస్తారు. నమూనా చెక్కేది మాత్రం ఇక్కడే. పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు నూటికి ఒక పాలు ముడుచుకుంటుంది, అల్యూమినియం నూటికి 1.3 పాళ్ళు. పాత క్రాంక్‌కేసునే నమూనాగా పెట్టి ఇసుకలో అచ్చు తీస్తే 200 మి.మీ. ఉండాల్సింది రెండున్నర మి.మీ. తగ్గి వస్తుంది. బేరింగ్ ఇళ్ళూ క్యామ్ షాఫ్ట్ రంధ్రాలూ అన్నీ తప్పిపోతాయి. సొంతంగా చేయబోయేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఈ షెడ్డులో నమూనాలను ఆ ముడుచుకునే పాలు కలిపిన స్కేలుతో చెక్కారు, మెషినింగ్ చేసే ముఖాల మీద మరో 3 మి.మీ. వదిలారు.

సిలిండర్ రెక్కలు 3 మి.మీ. మందం. అంత పలచని రెక్కల మధ్య ఇసుక గట్టిగా నిలవదు, పోతలో గాలి బుడగలు కూడా వస్తాయి. మూడు పోతలు పోస్తే ఒకటి పనికొస్తుందని లెక్క, ధరలో ఆ నష్టం కలిసే ఉంది. ప్రతి సిలిండర్‌నూ బోరు చేశాక కిరసనాయిలు నింపి ఒక రాత్రి ఉంచుతారు. తెల్లారి వాల్వ్ గది గోడల మీద తడి మరక కనిపిస్తే ఆ ముక్క తుక్కులోకి. డెలివరీ తీసుకునేవాళ్ళు ఈ పరీక్ష తమ కళ్ళ ముందు చేయించుకోవడం మంచిది. అడిగితే కాదనరు.

పిస్టన్ దగ్గర తెలివైన పని చేశారు. అసలు బండికి పోత ఇనుప పిస్టన్. అంత బరువు అటూ ఇటూ కొట్టుకోవడం క్రాంకుకు మంచిది కాదు, విరిగితే సిలిండర్ కూడా పోతుంది. అందుకే అల్యూమినియం పిస్టన్ వేశారు, అది పాత పెట్రోలు జీపుది. విల్లీస్ నమూనా జీపు బోరు మూడూ ఒకటిబై ఎనిమిది అంగుళాలు. అంటే 79.375 మి.మీ. నార్టన్ బోరును మూడు పదో వంతుల మి.మీ. చిల్లర పెంచితే చాలు. లెక్క కడితే 495 సీసీ వస్తుంది, 500 దాటదు. రింగులు ఏ జీపు స్పేర్ల కొట్టులోనైనా దొరుకుతాయి. పదేళ్ళ తర్వాత కూడా దొరికే వస్తువు వాడటం యజమాని మేలు కోరి చేసిన పని.

అయితే పిస్టన్ తేలికైతే, క్రాంకుతో పాటు తిరిగే బరువు చక్రాలు, అంటే ఫ్లైవీళ్ళ బ్యాలెన్సు మారుతుంది. ఇనుప పిస్టన్‌కు సరిపోయేట్టు చేసిన ఫ్లైవీళ్ళకు తేలిక పిస్టన్ తగిలిస్తే హ్యాండిలు పట్టుకోలేనంత వణుకు వస్తుంది. ఇక్కడ పిస్టన్, పిన్ను, రింగులు, కనెక్టింగ్ రాడ్డు పై సగం తూచి, అందులో నూటికి 62 పాళ్ళకు బ్యాలెన్సు చేస్తున్నారు. ఫ్లైవీళ్ళూ రాడ్డూ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన నార్టన్ 16హెచ్ బండ్లవి. అదే 79, 100 కొలత కాబట్టి కుదురుతాయి. చెన్నై పుదుపేట తుక్కు కొట్లలో వెతికి తెస్తారు. బిగించాక క్రాంకును సెంటర్ల మధ్య తిప్పి డయల్ గేజీ పెడితే ముల్లు 0.05 మి.మీ. మించి ఊగకూడదు. ఇచ్చే కాగితంలో ఈ అంకె రాసి ఇస్తారు. మిగతా ఎన్ని రాసినా రాయకపోయినా ఈ ఒక్క అంకె కోసం ఆ కాగితం దాచుకోవాలి.

పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఖాళీ స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర 0.11 మి.మీ. పెడుతున్నారు. నీళ్ళతో చల్లబడే జీపులో ఇంత అవసరం లేదు. గాలితో చల్లబడే సైడ్‌వాల్వ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ ఉన్న పక్క బారెల్ ఎక్కువ వేడెక్కి వంకర తిరుగుతుంది. వైశాఖంలో మన ఊళ్ళ ఎండ సంగతి తెలిసిందే. తక్కువ ఖాళీ పెడితే మూడో కిలోమీటరులోనే పిస్టన్ పట్టేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది, అది లోపం కాదు. రింగు కొసల మధ్య 0.3 నుంచి 0.35 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వ్‌కు స్టెయిన్‌లెస్ రకం ఉక్కు, కింద గట్టి సీటు. సీసం లేని పెట్రోలుకు ఈ సీటు తప్పదు, లేకపోతే వాల్వ్ రోజురోజుకూ ఇనుములోకి దిగబడిపోతుంది. ఆ సీటును మరీ బిగువుగా దిగ్గొడితే బోరుకూ సీటుకూ మధ్య ఉన్న పలచని గోడ చిట్లుతుంది. బారెల్‌ను వేడి చేసి, సీటును చల్లబరిచి జారవిడుస్తున్నారు, సుత్తి తాకనివ్వరు.

ఇక బెల్టు. ఈ బండికి ప్రాణం అదే, ఎక్కువ తగవులకు మూలం కూడా అదే.

ఆ కాలపు ఇంగ్లీషు మోటారు సైకిళ్ళ బెల్టు పక్కల మధ్య కోణం 28 డిగ్రీలు. ఇప్పుడు పిండి మరలకూ మోటార్లకూ వాడే ఏ, బీ రకం వీ బెల్టుల కోణం 40. చూడటానికి రెండూ ఒకటే. 28 డిగ్రీల గాడిలో బీ బెల్టు వేస్తే దాని పై అంచులు మాత్రమే గోడకు తగులుతాయి, కింది భాగం గాలిలో ఉంటుంది. పై అంచులు చీలికలై రెండు మూడు రోజుల్లో దారాలు బయటపడతాయి. అందుకని కొందరు పుల్లీనే 38 డిగ్రీలకు తవ్వేస్తారు. అప్పుడు బెల్టు బతుకుతుంది, పట్టు చస్తుంది. ఇరుకు గాడిలో బెల్టు చీల లాగా దిగబడి తాను నొక్కే బలాన్ని నాలుగింతలు చేస్తుంది, వెడల్పు గాడిలో అది మూడింతలే. గేర్లు లేని బండిలో, ఇంజన్ ఒక్కో పేలుడుకూ కుదుపు ఇచ్చేచోట, ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ వర్క్‌షాపు 28 డిగ్రీల పుల్లీలే చేస్తుంది, బెల్టు ఇంగ్లండు నుంచి తెప్పిస్తుంది. మెచ్చుకోవలసింది ఇదే. వెనక బెల్టు రిమ్ము సుమారు 20 అంగుళాలు. ఇంజన్ పుల్లీలు రెండు ఇస్తారు, 5 అంగుళాలది ఒకటి, నాలుగున్నరది ఇంకొకటి. పెద్దది వేస్తే నిష్పత్తి నాలుగుకు ఒకటి. 26 అంగుళాల చక్రంతో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతుంది, 120 దగ్గర 3,900. చిన్న పుల్లీతో తక్కువ వేగంలో ఇంజన్ తేలిగ్గా లాగుతుంది, కానీ దాన్ని చుట్టుకునే బెల్టు పొడవు తగ్గుతుంది కాబట్టి జారుడు ఎక్కువ. నేర్చుకునేటప్పుడు చిన్నది, చేయి తిరిగాక పెద్దది.

తగవు ఎక్కడంటే, క్రాంక్‌కేసు గాలి వదిలే గొట్టం నోరు బెల్టు వైపే ఉంది. లోపలి చమురు ఆవిరి బెల్టు మీద పడుతుంది. "బెల్టుకు చమురు తగిలిందంటే ఇంగ బండి కదలదన్నా" అని మేస్త్రీ తానే చెబుతాడు, గొట్టం మాత్రం అట్లాగే ఉంది. 8 మి.మీ. రాగి గొట్టం ఒక జానెడు వంచి ఫ్రేము కిందికి తిప్పుకుంటే సరిపోతుంది. ఇది వర్క్‌షాపు చేసి ఇవ్వాల్సిన పని, ఆర్డరు ఇచ్చేటప్పుడే రాయించుకోవాలి. బెల్టు బిగువు సంగతీ అంతే. మధ్యలో బొటనవేలితో నొక్కితే 12 నుంచి 15 మి.మీ. దిగాలి. కొత్త బెల్టు మొదటి వంద కిలోమీటర్లలో సాగుతుంది. అప్పుడు బెల్టు రెండు కొసలనూ కలిపే కొక్కెం ఊడదీసి, ఒక కొస సెంటీమీటరు కోసి, కొత్త రంధ్రం పొడిచి మళ్ళీ తగిలించాలి. రంధ్రం అంచుకు దగ్గరగా పొడిస్తే కొక్కెం చీల్చుకుని వస్తుంది, అది వచ్చేది సరిగ్గా కాలి పిక్క ఉండే చోటికి. బెల్టుకు రేకు కాపు అసలు బండిలో లేదు, ఇక్కడా లేదు. అడిగితే పెడతారు. పెట్టించుకోండి.

మాగ్నెటో (బ్యాటరీ లేకుండా ప్లగ్గుకు నిప్పు ఇచ్చే యంత్రం) పాతదే, తుక్కులోంచి తెచ్చి బాగు చేసింది. పాత మాగ్నెటోలు ఎండాకాలంలో మొండికేయడానికి కారణం లక్క. చుట్టల మీద పూత పూసిన లక్క వేడికి మెత్తబడి కారి, తిరిగే ఆర్మేచరును చుట్టూ ఉన్న గోడకు అంటించేస్తుంది. ఇక్కడ చుట్టలు పూర్తిగా విప్పి కొత్త తీగతో చుట్టి ఎపాక్సీ పోస్తున్నారు, లోపలి కండెన్సరు తీసేసి కొత్తది పెడుతున్నారు. పాయింట్ల మధ్య 0.3 మి.మీ., ప్లగ్గు కొనల మధ్య 0.45. కారు అలవాటుతో ప్లగ్గు ఖాళీ 0.8 పెడితే తోసినంతసేపూ తోస్తూ ఉండాల్సిందే, తోపుడు వేగానికి మాగ్నెటో అంత దూరం నిప్పు దూకించలేదు. నిప్పు పడే సమయాన్ని పూర్తి ముందుకు జరిపినప్పుడు, నిప్పు పడే క్షణానికి పిస్టన్ తన ప్రయాణపు పైకొసకు 11 మి.మీ. కింద ఉండాలి.

ప్లగ్గు 18 మి.మీ. మరది, పింగాణీ రకం. ఆ రోజుల్లో రేసు ప్లగ్గులు అభ్రకం పొరలతో చేసేవారు, కేఎల్‌జీ, లాడ్జ్ కంపెనీలవి పేరుమోసినవి. పాత కండెన్సర్లలోనూ తగరపు రేకుల మధ్య అభ్రకమే. మన గూడూరు, సైదాపురం గనుల ఆకుపచ్చ అభ్రకం మద్రాసు రేవు మీదుగా ఇంగ్లండుకు ఓడలెక్కింది. ఈ నకలు బండి నెల్లూరులో పుట్టడంలో ఒక ఔచిత్యం ఉందనిపించేది అందుకే. అయినా అభ్రకం ప్లగ్గు మళ్ళీ వాడాలనుకోవద్దు. పొరల మధ్యకు చమురు దూరి నిప్పును లోపలే చంపేస్తుంది. చమురు ఇంతగా మండే ఇంజన్‌లో అది పది కిలోమీటర్లు కూడా నిలవదు.

చమురు ఎందుకు మండుతుందంటే, అది తిరిగి ట్యాంకుకు పోదు కాబట్టి. ట్యాంకు పక్కన ఒక చేతిపంపు ఉంది. ఒకసారి నొక్కితే సుమారు 10 మి.లీ. క్రాంక్‌కేసులోకి పోతుంది, అక్కడ చిమ్ముకుని, కాలి, బయటికి పోతుంది. నాలుగైదు కిలోమీటర్లకు ఒక నొక్కు. వెనక పలచని నీలి పొగ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పొగ లేకపోతే వెంటనే నొక్కాలి. దట్టంగా ఉంటే రెండు నొక్కులు ఆగాలి. పంపు వాల్వులోని గోళీ కింద నలక చేరితే నొక్కినా చమురు పోదు, అది చేతికి తెలియదు. అందుకే చమురును బట్టలో వడగట్టి పోయడం తప్పనిసరి.

ఏ చమురు అన్నదాని మీద ఈ వర్క్‌షాపు సలహా సగమే సరైంది. రేసు కాలపు వాసన కావాలంటే ఆముదం పోయమంటారు. ఆముదం మంచి రేసు చమురే, క్యాస్ట్రాల్ అన్న పేరే ఇంగ్లీషులో ఆముదం పేరు నుంచి పుట్టింది. కానీ గానుగలో ఆడించిన, ఇంట్లో వండిన ఆముదం ఇంజన్‌లో పోయరాదు. అందులో తడీ జిగురూ ఉంటాయి. శుద్ధి చేసిన రేసు ఆముదం కూడా బండి నెల రోజులు కదలకపోతే రింగులను గాడుల్లో అంటించేస్తుంది. ఖనిజ తైలంతో అది సరిగా కలవదు, ఒకదాని మీద ఒకటి పోస్తే అడుగున ముద్ద కడుతుంది. ఏడాదికి నాలుగుసార్లు తీసే బండికి ఎస్‌ఏఈ 50 చిక్కదనం ఉన్న మామూలు ఖనిజ తైలం పోయండి, వాసన లేకపోయినా రింగులు ఉంటాయి.

ఫ్రేము గురించి చెప్పడానికి తక్కువే ఉంది, పని శుభ్రంగా ఉంది కాబట్టి. పోత జాయింట్లలో గొట్టాలు దూర్చి, అడ్డంగా మేకు దిగ్గొట్టి, వెలిగారం చల్లి ఇత్తడితో అతికారు. గొట్టాలు అతుకు లేనివి. మరలు సైకిల్ మరలే, అంగుళానికి 26 చుట్లు. పాత బుల్లెట్‌కు వాడిన రకమే కనుక మర కోసే ట్యాపులూ డైలూ ఊళ్ళోనే దొరికాయి. మెరుపు పూత నికెల్, క్రోమియం కాదు. 1920ల చివరి దాకా మోటారు సైకిళ్ళకు క్రోమియం పూత లేదు. నీలిరంగు మెరుపున్న హ్యాండిలు కనిపిస్తే అది నకలులో తప్పు, ఇక్కడ ఆ తప్పు లేదు. కోస్తా ఉప్పుగాలికి నికెల్ త్వరగా మసకబారుతుంది, వారానికోసారి తుడుచుకోవాలి.

రంగు మాత్రం నిరాశపరిచింది. ట్యాంకు మీద కారు మెటాలిక్ వెండి రంగు కొట్టారు. ఎండలో తళుకు గింజలు మెరుస్తాయి. పాత రంగు అట్లా మెరవదు, సీసపు బూడిద లాగా నిండుగా ఉంటుంది. గీతలు మాత్రం లారీ బాడీలకు బొమ్మలు వేసే పెయింటర్ కుంచెతో ఒక్క ఊపులో లాగాడు, వాటికి వంక పెట్టలేం. ట్యాంకు లోపల అతుకులకు టంకం. నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు తేమ పీల్చుకుంటుంది కాబట్టి బండిని నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి. ఇథనాల్ వల్ల పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది, మెయిన్ జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక నంబరు పెద్దది వేయించుకుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ బతుకుతుంది.

టైర్లు అంచు గాడిలో కొక్కెంలా కూర్చునే పాత రకం, దిగుమతి చేసినవి. గాలి 40 పీఎస్ఐకి తగ్గకూడదు. తగ్గితే టైరు రిమ్ము మీద జరిగి ట్యూబు వాల్వును చీల్చుకుంటుంది, మలుపులో అయితే టైరే ఊడుతుంది. ఒక్కో చక్రానికి రెండు బిగింపు బోల్టులు ఇచ్చారు, అవి వదులు కాకుండా చూసుకోవాలి. భయమనుకునేవాళ్ళు ఆర్డరులోనే 21 అంగుళాల మామూలు రిమ్ములు అడగొచ్చు. ఎత్తు దాదాపు అంతే వస్తుంది, పది అడుగుల దూరం నుంచి తేడా తెలియదు.

బ్రేకు వెనక ఒక్కటే, బెల్టు రిమ్ములోకి నొక్కుకునే చెక్క లాంటి దిమ్మ. గంటకు 60 దాటితే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆపడమంటే ఎగ్జాస్ట్ వాల్వ్ లిఫ్టరు (ఆ వాల్వును తెరిచి పట్టే మీట) ఎత్తి, ముందే చాలా దూరం నుంచి వదిలేయడం. స్టార్టు చేయడం ఇట్లా: కార్బురేటర్ పిన్ను నొక్కి పెట్రోలు పొంగించాలి, గాలి మీట మూయాలి, నిప్పు పడే సమయం మార్చే మీట మూడో వంతు ముందుకు, లిఫ్టరు ఎత్తి పట్టుకుని ఆరేడు అడుగులు పరుగెత్తి వదలాలి. అందుకున్నాక పక్క నుంచి దూకి ఎక్కడం, వెంటనే గాలి తెరవడం. నిప్పు మీట పూర్తి ముందుంటే వెనక్కి తంతుంది, బెల్టు కొక్కెం అక్కడికక్కడే తెగుతుంది.

మన ప్రాంతంలో రేసు బండి అనగానే షోలవరం గుర్తొస్తుంది, మద్రాసు పోయే దారిలో యుద్ధకాలపు రన్‌వే మీద బండ్లు గర్జించిన చోటు. ఈ బండికి కూడా అటువంటి మూసిన నేలే కావాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధన మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన, మార్పులు చేయని బండ్లకే. కొత్తగా చేసిన నకలుకు ఆ దారి లేదు. నంబరు రాదు, హైవే మీద తీయరాదు. దీన్ని వర్క్‌షాపు మొదటి మాటలోనే చెబుతుంది, రశీదు మీద కూడా రాస్తుంది. ఇంకొకటి, క్రాంక్‌కేసు అడుగున తమ సొంత గుర్తూ తయారైన ఏడాదీ లోతుగా కొడతారు, పాత నార్టన్ నంబరు కొట్టమని ఎంత డబ్బిచ్చినా కొట్టరు. రేపు ఎవరూ దీన్ని అసలుదని చెప్పి అమ్మకుండా చేసిన కట్టుదిట్టం. నకలు చేసేవాళ్ళలో ఈ నిజాయితీ ఉన్నవాళ్ళకే డబ్బివ్వాలి.

గడువు పద్నాలుగు నెలలన్నా పదహారు అనుకోండి, బెల్టూ టైర్లూ ఓడరేవులో ఆలస్యమవుతాయి. అడ్వాన్సు నలభై శాతం, పోతలు చూపించాక ముప్ఫై, నడిపి చూపించాక మిగతాది. ఆ చివరి వాయిదా ఇచ్చే ముందు బండిని ఇరవై నిమిషాలు నడిపించి, పూర్తిగా చల్లారనిచ్చి, రెండోసారి మీ ఎదుటే తోసి స్టార్టు చేయించండి. వాల్వ్ ఖాళీలు చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి: ఇన్‌లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.20. ఎగ్జాస్ట్ ఖాళీ తగ్గి కనిపిస్తే సీటు కూర్చుంటోందని అర్థం, మళ్ళీ సరిచేయించి మరో ఇరవై నిమిషాలు నడిపించి కొలవాలి. రెండోసారీ తగ్గితే డబ్బు జేబులోనే ఉంచి, బారెల్ విప్పించండి.